ఇంటిలోని వేడిమి, గాలి, పొగ

ఇల్లు కట్టదలచిన గృహస్థు ముందుగా స్థలము చూచును. వాస్తు చూపించును, ముహూర్తము పెట్టించును. మేస్త్రీతో కూర్చుండి ఇటుక ఎంత, సిమెంటు ఎంత, ఇనుము ఎంత అని లెక్క వేయించును. ద్వారబంధమునకు ఏ కొయ్య మేలో నలుగురిని అడిగి తెలిసికొనును. ఇవి అన్నియు వలసినవే. కాని ఆ ఇంటిలోనికి గాలి ఏ వైపున వచ్చి ఏ వైపున పోవును? మే నెలలో రాత్రి పది గంటలకు పడకటింటి కప్పు ఎంత వేడిగా ఉండును? వంటింటి పొగ ఏ గదిలోనికి పోవును? ఈ ప్రశ్నలు ఆ సమయమున సాధారణముగా ఎవరికిని తోచవు. గృహప్రవేశము జరిగి ఒక వేసవి గడచిన పిమ్మట తోచును. అప్పటికి గోడలు లేచి ఉండును.

ఇంకొక ప్రశ్న కూడ కలదు. ఆ ఇంటిలో ఎక్కువసేపు ఉండువారు ఎవరు? యజమాని తెల్లవారగనే పొలమునకో, పనికో పోవును. పిల్లలు బడికి పోవుదురు. పగలెల్ల ఇంటిని అంటిపెట్టుకొని ఉండువారు వంట చేయు ఇల్లాలు, ముసలివారు, బాలింత, చంటిబిడ్డ, జబ్బుపడి మంచము పట్టినవారు. ఇల్లు హాయిగా లేనిచో ఆ బాధ మొదట పడువారు వీరే. ఇల్లు కట్టునపుడు సలహా అడుగబడనివారును తరచుగా వీరే. కావున ఇంటిలోని వేడిమి, గాలి, పొగ, వెలుతురు వీరికి ఎట్లు మేలు కీడులు చేయునో, అందులో మన చేతిలో ఉన్న దెంతయో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

ఉక్క ఎందుకు పోయును?

మన శరీరము ఎల్లప్పుడు ఉష్ణమును పుట్టించుచు ఉండును. ఊరక కూర్చున్న మనిషి నుండి వెలువడు ఉష్ణము సుమారు 100 వాట్లు. అనగా పాతకాలపు నూరు వాట్ల బల్బు ఒకటి వెలిగినంత. ఈ ఉష్ణము ఎప్పటికప్పుడు బయటకు పోవలెను. అది పోవు మార్గములు ముఖ్యముగా మూడు. ఒంటిని తాకు గాలి కొంత కొనిపోవును. చుట్టునున్న గోడలు, కప్పు ఒంటికంటె చల్లగా ఉన్నయెడల వాటివైపునకు కొంత పోవును. చెమట ఆరునపుడు కొంత పోవును. ఈ మూడు మార్గములును మూసికొనిపోయిన స్థితినే మనము ఉక్క అందుము.

మనిషికి హాయి కలుగుట ఆరు విషయములపై ఆధారపడునని డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు ఫాంగర్ 1970 లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. అవి గాలి వేడిమి, చుట్టునున్న గోడల కప్పుల వేడిమి, గాలిలోని తేమ, గాలి కదలిక, ధరించిన బట్టలు, చేయుచున్న పని. ఉష్ణమాపకము చూపునది వీనిలో మొదటిది మాత్రమే. కావుననే రెండిండ్లలో ఉష్ణమాపకము ఒకే అంకెను చూపుచున్నను, తాటాకు కప్పు క్రింద కూర్చున్నవాడు ఓర్చుకొనగలుగును; కాగిన రేకు క్రింద కూర్చున్నవాడు అల్లాడిపోవును. రేకు నుండి వచ్చు సెగ గాలితో సంబంధము లేకుండనే నెత్తిని తాకును.

మన ప్రాంతమువారికి ఎంత వేడిమి హాయిగా ఉండును? ఈ విషయమును మాధవి ఇంద్రగంటి అను విదుషి 2008 సంవత్సరపు వేసవి, వర్షకాలములందు హైదరాబాదులోని అపార్టుమెంట్లలో నివసించువారిని అడిగి, కొలిచి పరిశోధించిరి. 26 మొదలు సుమారు 32 డిగ్రీల వరకు వారు హాయిగానే ఉండిరనియు, వారికి మిక్కిలి అనుకూలమైన వేడిమి సుమారు 29 డిగ్రీలనియు తేలినది. ఆనాటి జాతీయ భవన నిబంధనలలో చెప్పబడినది 23 మొదలు 26 డిగ్రీలు మాత్రమే. దీనిని బట్టి తెలియున దేమి? నూలుబట్ట కట్టి, గాలి ఆడుచోట కూర్చున్న మన మనిషికి యంత్రముతో చల్లబరచిన గది లేకున్నను చాల నెలలు గడచును. ఇల్లు తన వేడిమిని తాను పెంచుకొనక ఉన్న చాలును.

అట్లని మండువేసవిని తేలికగా చూడరాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా మరణించిరి. పగలు ఎండను ఓర్చుకొన్న శరీరమునకు రాత్రి చల్లదనము దొరికిన కోలుకొనును. రాత్రియు దొరకనిచో అలసట దినదినము పేరుకొనును. ముసలివారి గుండె ఆ భారమును మోయలేదు. కావున ఇల్లు రాత్రివేళ చల్లబడుట సుఖమునకు మాత్రమే కాదు, ప్రాణమునకును సంబంధించినది.

కప్పు సంగతి

మే నెలలో సూర్యుడు మన నడినెత్తిమీదుగా పోవును. మిట్టమధ్యాహ్నము ఒక చదరపు మీటరుపై పడు ఎండ సుమారు 1000 వాట్లు. 30 చదరపు మీటర్ల కప్పుపై పడు ఎండ, ఒక్కొక్కటి వెయ్యి వాట్ల విద్యుత్ పొయ్యిలు 30 వెలిగించినదానికి సమానము. అంతయు లోనికి రాదు. కొంత వెనుకకు మరలును, కొంత గాలికి పోవును. మిగిలినది కప్పులో దిగును.

ఇనుప రేకైనచో వెంటనే కాగును. ఎండలో దాని వేడిమి 60 డిగ్రీలు దాటుట కద్దు. అయితే ప్రొద్దు గ్రుంకగనే చల్లబడును. కాంక్రీటు స్లాబు అట్లు కాదు. అది మెల్లగా కాగి మెల్లగా చల్లారును. మధ్యాహ్నము మ్రింగిన ఉష్ణమును సాయంకాలము మొదలు రాత్రి చాలసేపటి వరకు లోపలికి క్రక్కుచుండును. పంకా వేసినను వేడిగాలియే దిగుచున్నదని మనము విసుగుకొనుటకు కారణ మిదియే. పంకా గాలిని చల్లబరచదు, కదల్చును. కప్పు క్రింద చేరిన వేడిగాలినే మనపైకి త్రోయును.

మన పెద్దలు కట్టిన ఇండ్లు ఈ చిక్కును తమ తమ విధముల తీర్చుకొన్నవి. రాయలసీమలోని మట్టి మిద్దెలో దూలములపై పరచిన మందపు మట్టిని దాటి ఎండ లోనికి దిగుటకు చాల సమయము పట్టును. కృష్ణా గోదావరి మండలములలోని మండువా లోగిలిలో వేడెక్కిన గాలి నడుమనున్న తెరపిగుండ పైకి పోవును. చుట్టునున్న వసారాల నుండి చల్లని గాలి ఆ చోటికి చేరును. తాటాకు కప్పులో ఆకుల పొరల నడుమ నిలిచిన గాలియే ఎండకు అడ్డము.

కాని స్లాబు కోరువారిని నిందించుట తగదు. తాటాకిల్లు నిప్పురవ్వకు కాలిపోవును. 1977 నవంబరు 19 వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో గుడిసెలు నిలువక వేలమంది ప్రాణములు కోల్పోయిరి. గట్టి కప్పు కావలెనని మనవారు కోరుట ఆ అనుభవము వలననే. కాబట్టి చేయవలసినది స్లాబును వదలుకొనుట కాదు, దానిని ఎండనుండి కాపాడుట.

అందుకు మిక్కిలి చౌకయైన సాధనము సున్నము. క్రొత్తగా తెల్లసున్నము పూసిన కప్పు తనపై పడిన ఎండలో సగమునకు మించి వెనుకకు పంపివేయును. నల్లబారిన పాత స్లాబు చాల భాగమును మ్రింగును. సున్నము వలన లోపలి వేడిమి 2 మొదలు 5 డిగ్రీల వరకు తగ్గవచ్చును. శివరాత్రి వెళ్ళిన పిమ్మట కప్పును ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, వడగట్టిన సున్నములో బంక కలిపి రెండు పూతలు పూయవలెను. వానలకు అది పోవును కనుక ఏటేట పూయవలసి ఉండును. సున్నము కండ్లలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్ నెలలో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకు దీనిని విధిగా నిర్ణయించినది. చిన్న ఇండ్లవారికి నిర్బంధము లేదు. అయినను వారికే దీని అవసరము ఎక్కువ.

రేకుల ఇంటివారు రేకు క్రింద మూరెడు ఎడముతో వెదురు తడికలో, ఈతచాపలో కట్టిన సెగ నేరుగా తగులదు. అయితే వాటిని పొయ్యికి దూరముగ ఉంచవలెను. ఆస్బెస్టాసు రేకులను మాత్రము కోయుట, గీకుట, రంధ్రములు చేయుట కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము.

గాలి వచ్చుటకు ఒక దారి, పోవుటకు ఒక దారి

మూతి ఒక్కటే ఉన్న సీసాలోనికి ఊదిచూడుడు. గాలి లోనికి పోదు. ఒకే వైపున కిటికీ ఉన్న గది స్థితియు ఇదియే. బయట ఎంత గాలి వీచినను, పోవుటకు దారి లేనిచో లోనికి రాదు. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీయు దానికి ఎదుటి గోడలో ఒక తలుపును ఉండవలెను. వేడిగాలి తేలికయై పైకి చేరును కనుక కప్పునకు దిగువనే చిన్న వెంటిలేటరులు ఉంచి, వాటిని అట్టలతో మూయకుండ విడువవలెను.

కిటికీ ఎంత ఉండవలెను? పొడియైన వేడి ప్రాంతములలో గది నేల వైశాల్యములో పదియవ వంతు, తేమగల వేడి ప్రాంతములలో ఆరవ వంతు ఉండవలెనని జాతీయ భవన నిబంధనలు చెప్పుచున్నవి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది 120 చదరపు అడుగులు. అనంతపురమువంటి చోట దానికి 12 చదరపు అడుగుల కిటికీ వలయును. మచిలీపట్నమువంటి చోట 20 చదరపు అడుగులు వలయును. అనగా ఇంచుమించు మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు గల కిటికీలు రెండు. సముద్రతీరమున గాలిలో తేమ ఎక్కువ. అచ్చట చెమట ఆరవలెనన్న గాలి కదలక తప్పదు.

ఈ భేదమే కిటికీలు తెరచు వేళలను నిర్ణయించును. మెట్ట ప్రాంతములలో వేసవి పగలు బయటిగాలి లోపలిగాలికంటె వేడి. అచ్చట ప్రొద్దెక్కినది మొదలు సాయంకాలము వరకు ఎండ పడు వైపు కిటికీలు మూసి, రాత్రియు తెల్లవారుజామునను అన్నియు తెరచి ఉంచవలెను. వట్టివేళ్ళ తడికలో, తడి గోనెలో కిటికీకి కట్టిన చల్లదనము కలుగును. తీరప్రాంతమున ఈ తడి ఉక్కనే పెంచును. అచ్చట మధ్యాహ్నము వీచు సముద్రపు గాలికి దారి విడుచుటయే మేలు. ఇక పంకా మాట. వేడిమి 40 డిగ్రీలు దాటినపుడు పంకాగాలి ఒంటిని మరింత వేడెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. అట్టి వేళ ముసలివారిని పంకా క్రింద కూర్చుండబెట్టి ఊరకొనరాదు. ఒళ్ళు తడిబట్టతో తుడిచి, నీరు త్రాగించి, నీడపట్టున ఉంచవలెను.

దోమలకును దొంగలకును వెరచి రాత్రివేళ కిటికీలు మూసికొనుట మన గ్రామములలో వాడుక. ఇనుప ఊచలును దోమల జాలియు బిగించిన ఆ రెండు భయములును తీరును. దోమతెర కట్టుకొనుట ఇంకను మేలు. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించుట మాత్రము మంచిది కాదు. ఒక చుట్ట కాలునపుడు వెలువడు సన్నని నుసి, 75 మొదలు 137 సిగరెట్టులు కాల్చినదానితో సమానమని 2003 లో ప్రకటింపబడిన పరిశోధన వలన తెలిసినది. గాలి మారని గదిలో క్షయ, జలుబు మొదలగు గాలిద్వారా వ్యాపించు వ్యాధులు ఒకరినుండి ఒకరికి త్వరగా సోకును. కిటికీ తెరచి ఉంచుట ఖర్చులేని రక్షణ.

వంటింటి పొగ

కట్టెలు, పిడకలు, పత్తికట్టె, కందికంప కాల్చునపుడు కంటికి కనబడు పొగతోబాటు కనబడని సన్నని నుసియు వెలువడును. అది ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతునకు పోవును. గాలి ఆడని ఇండ్లలో ఈ నుసి, ఉండదగిన పరిమితికి నూరు రెట్ల వరకు చేరవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇండ్లలోని పొగ వలన 2020 సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పిల్లలనియు ఆ సంస్థ అంచనా. పిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము, కంటిశుక్లములు ఈ పొగతో సంబంధము గలవి.

ఇది దూరదేశపు సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల గ్రామములలో 420 ఇండ్లలో నుసిని కొలిచి, ఆ ఫలితములను 2004 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గ్యాసుపై వండు ఇండ్లలో ఒక ఘనపు మీటరు గాలిలో సగటున 73 మైక్రోగ్రాముల నుసి ఉండగా, కట్టెలు పిడకలు కాల్చు ఇండ్లలో అది 732 వరకు ఉండెను. అనగా పది రెట్లు. అందరికంటె ఎక్కువ నుసి పీల్చినవారు వంట చేయు స్త్రీలు. వారి తరువాతి సంగతి గమనింపదగినది. పురుషులలో ఎక్కువ నుసి పీల్చినవారు 65 మొదలు 80 ఏండ్ల వయసువారు. వారు పొయ్యి దగ్గరకు పోయినవారు కారు. పగలు ఇంటిపట్టున ఉండినవారు. పొగకు వంటిల్లు ఒకటియు, పడకటిల్లు ఒకటియు అను భేదము లేదు.

ఉమ్మడి రాష్ట్రమున 1999 లో దీపము పథకము, దేశమంతట 2016 లో ఉజ్జ్వల పథకము ఆరంభమై పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు అందినది. ఇది గొప్ప మార్పు. కాని సిలిండరు ఉన్నంత మాత్రమున పొగ తీరదు. అన్నము కూరలు గ్యాసుపై వండి, స్నానపు నీళ్ళును పశువుల కుడితియు ఇంటిలోని కట్టెలపొయ్యిపైననే కాచుచుండిన నుసి యథాప్రకారము ఉండును. ఆ పొయ్యిని పెరటిలోనికి మార్చుట మొదటి మెట్టు. వంటింటనే ఉంచక తప్పనిచో కప్పును దాటునట్టి పొగగొట్టము పెట్టి, ఎండిన కట్టెలే వాడి, వంటవేళ చంటిబిడ్డను ఆ గదికి దూరముగ ఉంచవలెను.

బాలింత గది

బాలింతకు గాలి తగులరాదని తలుపులు, కిటికీలు మూసి, మంచము క్రింద బొగ్గుల కుంపటి ఉంచు ఆచారము కొన్నియెడల నేటికిని కలదు. ప్రేమతో చేయు పనియే. బిడ్డకు వెచ్చదనము అవసరమనుటయు నిజమే. కాని మూసిన గదిలో బొగ్గు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో చేరి ప్రాణవాయువును అందనీయదు. తలనొప్పి, మగత కలుగును. నిద్రలోనే ప్రాణము పోవచ్చును. బిడ్డను తల్లి ఎదకు హత్తుకొని పడుకోబెట్టి పైన బట్ట కప్పిన కావలసిన వెచ్చదనము దొరకును. గదికి ఎదురుగాలి రాని కిటికీ ఒకటి తెరచి ఉంచవలెను. సాంబ్రాణి ధూపము వేయుచో అది చంటిబిడ్డ ఉన్న గదిలో కారాదు.

వెలుతురు, తేమ

మన దేశమున పడమటి గోడకు తగులు ఎండ మిక్కిలి బాధించును. ఆ వైపున పెద్ద కిటికీలు పెట్టక వసారాయో, సామాను గదియో కట్టి, బయట వేపవంటి నీడనిచ్చు చెట్టు పెంచుట మంచిది. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ వేసినచో ఎండ నెత్తిమీద నుండు వేసవిలో లోనికి రాదు. చలికాలమున వంగివచ్చు లేత ఎండ మాత్రము వచ్చును. చదువుకొను పిల్లలను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టిన కంటికి శ్రమ తగ్గును. లోపలి గోడలకు తెల్లసున్నము వేసిన వచ్చిన కొద్ది వెలుతురే గదియంతటను వ్యాపించును. గోడ అడుగున చెమ్మ ఎక్కుచున్న, బూజు పట్టును; ఆ బూజు ఉబ్బసముగలవారికి శత్రువు. చూరునీరు గోడ మొదట నిలువకుండ కాలువ తీయుటయు, పునాదిని వీధికంటె ఎత్తుగా లేపుటయు దీనికి మందు.

క్రొత్తగా ఇల్లు కట్టువారు మేస్త్రీ రాకమునుపే ఒక పని చేయవలెను. ఆ ఇంటిలో పగలెల్ల ఉండబోవు ఇల్లాలిని, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, పొయ్యి ఎచ్చట ఉండవలెను, మంచము ఎచ్చట వేయుదురు, ఏ వైపు గాలి కావలెను అని అడుగవలెను. వారి మాట ప్రకారము కిటికీల స్థానము గుర్తించిన పిమ్మటనే ముగ్గు పోయవలెను. ఇదివరకే కట్టుకొన్నవారు నిరాశ చెందనక్కరలేదు. కప్పునకు సున్నము, ఎదుటి గోడలో ఒక కిటికీ, కిటికీకి జాలి, పొయ్యి పెరటిలోనికి, పడమట ఒక వేపమొక్క. ఈ అయిదింటిలో సున్నమునకును మొక్కకును అయ్యెడి ఖర్చు బహు స్వల్పము. మిగిలినవి ఒక్కొక్క ఏట ఒక్కొక్కటిగా చేసికొనవచ్చును. ఈ వేసవి రాకముందే సున్నముతో ఆరంభించినచో, మంచము పట్టిన ముసలితల్లికి రాత్రి నిద్ర పట్టినదో లేదో ఆమెయే చెప్పగలదు.